టీకా వేయించాం, అయినా జ్వరం వచ్చింది, టెస్ట్ ఒకటి చెప్పింది కల్చర్ ఇంకోటి చెప్పింది – ఒక అమ్మ ప్రశ్న, జవాబు

ప్రశ్న: నమస్తే అండి. మాది తెనాలి. మా బాబుకి 8 ఏళ్ళు. రెండేళ్ళ కింద డబ్బులు పెట్టి టైఫాయిడ్ టీకా వేయించాం, కాంజుగేట్ అన్నారు, ఒక్క డోసు చాలన్నారు. పోయిన నెల వాడికి వారం రోజులు జ్వరం దిగలేదు. వీధి చివర ల్యాబ్‌లో వైడల్ చేస్తే టీ.ఓ. 1:160, టైఫాయిడ్ పాజిటివ్ అన్నారు. పిల్లల డాక్టర్ గారు దాన్ని పక్కన పెట్టి బ్లడ్ కల్చర్ పంపిస్తే "సాల్మొనెల్లా పారాటైఫి ఎ" అని వచ్చింది. మందులు వాడాం, తగ్గిపోయింది. ఇప్పుడు ఇంట్లో తలో మాట. మా ఆయన ఆ టీకా డూప్లికేట్ అంటారు. మా తోడికోడలు బ్యాక్టీరియా కూడా కరోనాలాగా రూపం మార్చేసుకుంటోంది, ఇంక టీకాలు పనిచెయ్యవు, వాట్సాప్‌లో వచ్చింది అంటుంది. మా మామగారు లోపల ఇంకా ఉందేమో మళ్ళీ వైడల్ చేయించమంటున్నారు. పాపకి 14 నెలలు, దానికి ఈ టీకా వేయించాలా వద్దా? కొంచెం అర్థమయ్యేలా చెప్పండి.

జవాబు: బాబుకి తగ్గిపోయింది కదా, హమ్మయ్య. మీ డాక్టర్ గారు బ్లడ్ కల్చర్ (రక్తంలో ఉన్న బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి అదేదో చూసే టెస్ట్) పంపించారు చూడండి, మన ఊళ్ళల్లో చాలామంది ఆ పని చెయ్యరు, వైడల్ చూసి సెలైన్ ఎక్కించేస్తారు, అలా చేసుంటే మీ ఇంట్లో కథ "టీకా వేయించినా టైఫాయిడ్ వచ్చింది" దగ్గరే ఆగిపోయేది, మీ ఆయన మాటే ఖాయం అయిపోయేది.

ఆ సీసా నేను చూడలేదు కాబట్టి దాని గురించి గ్యారంటీ ఇవ్వలేను గానీ, ఈ రిపోర్టుని బట్టి మాత్రం డూప్లికేట్ అనడానికి ఏ ఆధారమూ లేదు. నిఖార్సైన టీకా వేయించినా ఇదే జరిగేది. ఎందుకంటే ఆ టీకా టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫి అనే బ్యాక్టీరియా కోసం, బాబుకి వచ్చింది పారాటైఫి ఎ. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, జ్వరం కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది, మంచం పక్కన నిలబడి చూసి ఇది ఫలానాది అని చెప్పడం ఏ డాక్టర్ వల్లా కాదు. కానీ టీకాకి అవి రెండూ ఒకటి కాదు. ఎందుకు కాదో చెప్తే మిగతా ప్రశ్నలు కూడా చాలావరకు తేలిపోతాయి, కొంచెం ఓపిగ్గా చదవండి.

టైఫి బ్యాక్టీరియాకి ఒంటి మీద ఒక చక్కెర పొర ఉంటుంది, మిరపకాయ బజ్జీకి శనగపిండి పూత ఉన్నట్టు. ల్యాబ్ వాళ్ళు దాన్ని "వీఐ" అంటారు, 1934లో ఫెలిక్స్, పిట్ అనే ఇద్దరు దీన్ని బయటపెట్టారు. ఈ పూత ఉంటే లోపలున్న అసలు సరుకు మన రక్షణ కణాలకి సరిగ్గా కనపడదు, అదే దాని ఉపయోగం. ఈ పూత తయారుచేసే జీన్స్ అన్నీ బ్యాక్టీరియా డీఎన్ఏలో ఒకే పెద్ద ముక్క మీద ఉంటాయి, దాదాపు లక్షా 34 వేల అక్షరాల ముక్క అది, ఎప్పుడో బయటి నుంచి వచ్చి టైఫిలో చేరిపోయింది. పారాటైఫి ఎ లో ఆ ముక్కే లేదు. ముక్క లేదు కాబట్టి పూత లేదు. ఇవాళ మన దగ్గర వేసే కాంజుగేట్ టీకాలు, అంటే ఆ పూతని ఒక ప్రొటీన్‌కి అతికించి చేసినవి, చేసేదల్లా ఆ పూతని శరీరానికి చూపించి "ఇది కనపడితే వదలొద్దు" అని నేర్పించడం. మరి పూతే లేనివాడు లోపలికొస్తే మీ బాబు ఒంట్లో ఉన్న యాంటీబాడీలు ఏం పట్టుకుంటాయి చెప్పండి? టీకా తన పని తప్పలేదు, దానికి అప్పగించిన పనిలో ఇది లేదంతే.

ఇక్కడ ఒక చిన్న విశేషం, మనకి దగ్గరి విషయం కాబట్టి చెప్తున్నా. ప్రపంచంలో డబ్ల్యూహెచ్ఓ ఆమోదముద్ర పడిన మొదటి రెండు టైఫాయిడ్ కాంజుగేట్ టీకాలూ హైదరాబాద్‌వే. భారత్ బయోటెక్ వాళ్ళ టైప్‌బార్ టీసీవీకి 2017 చివర్లో వచ్చింది, బయోలాజికల్ ఇ వాళ్ళ టైఫిబెవ్‌కి 2020లో. మొదటి దాంట్లో వీఐ పూతని టైఫి బ్యాక్టీరియా నుంచే తీసి టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రొటీన్‌కి అతికిస్తారు. రెండో దాంట్లో మాత్రం టైఫి అసలు లేనే లేదు! సిట్రోబాక్టర్ అనే ఇంకో బ్యాక్టీరియా కూడా అదే వీఐ పూత తయారు చేస్తుంది, దాని దగ్గర ఆ జీన్స్ ఉన్నాయి, అది టైఫి అంత ప్రమాదకరం కాదు కాబట్టి ఫ్యాక్టరీలో పెంచడం తేలిక, దాన్నుంచి పూత తీసి టీకా చేస్తారు. అంటే వేరే బ్యాక్టీరియా పూతతో టైఫిని ఆపొచ్చు, కానీ టైఫికి దగ్గరగా కనపడే పారాటైఫి ఎ ని మాత్రం ఆపలేం. పేరు చూసి చుట్టరికం కలిపితే ఇలాగే బోల్తా పడతాం, ఏ జీన్ ఎవరి దగ్గర ఉందన్నదే లెక్క.

సరే, ఇప్పుడు వైడల్ సంగతి. మీ ల్యాబ్ వాళ్ళు అబద్ధం చెప్పలేదు, టెస్టే అలాంటిది. 1896 నాటి టెస్ట్ అది, ఫ్రాన్స్‌లో విడాల్ అనే డాక్టర్ పేరు మీద వచ్చింది. బ్యాక్టీరియా ఉందా లేదా అని అది చూడదు, బ్యాక్టీరియా మీద మన రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా అని చూస్తుంది. టీ.ఓ. అంటే టైఫి గోడ మీదుండే చక్కెర గొలుసుల మీద యాంటీబాడీలు, టీ.హెచ్. అంటే దాని తోక మీద, ఎ.హెచ్. అంటే పారాటైఫి ఎ తోక మీద. గోడ మీది గొలుసుల్లో 9, 12 అని నంబర్లు ఉంటాయి, టైఫికి 9, 12 రెండూ ఉంటాయి. పారాటైఫి ఎ కి 2, 12 ఉంటాయి. చూశారా, ఆ 12 ఇద్దరికీ కామన్. పారాటైఫి ఎ వచ్చిన పిల్లాడి రక్తంలో 12 మీద యాంటీబాడీలు పుడితే అవి వెళ్ళి టైఫి గొలుసుని కూడా పట్టుకుంటాయి, టీ.ఓ. పాజిటివ్ అని వచ్చేస్తుంది. మీ బాబు విషయంలో అదే అయ్యుండొచ్చు. లేదా ఎప్పుడో వచ్చిపోయిన ఇంకేదో సాల్మొనెల్లా తాలూకు యాంటీబాడీలు కావచ్చు, మన దగ్గర నీళ్ళూ తిండీ ఉన్న తీరుకి ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఎంతో కొంత టైటర్ (ఆ 1:160 లాంటి అంకె) ఉంటుంది. టీకా వల్ల పాజిటివ్ వచ్చిందేమో అని మాత్రం అనుకోకండి, కాంజుగేట్ టీకాలో ఉండేది వీఐ ఒక్కటే, ఓ గానీ హెచ్ గానీ అందులో ఉండవు, వైడల్ చూసేది ఆ రెండే. పాతకాలంలో టీఏబీ అని ఒక టీకా ఉండేది, మీ మామగారిని అడగండి, వేయించుకుంటే చెయ్యి వాచిపోయి రెండ్రోజులు జ్వరం వచ్చేది, అందులో చచ్చిన బ్యాక్టీరియా మొత్తం ఉండేది కాబట్టి అది వేసుకున్నవాళ్ళకి వైడల్ తెగ పాజిటివ్ వచ్చేది.

ఆ 9 కి 2 కి తేడా ఎక్కడ నుంచి వచ్చిందో తెలిస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. టైఫి దగ్గర ఒక జీన్ ఉంది, పారాటోజ్ అనే చక్కెరని టైవెలోజ్ అనే చక్కెరగా మారుస్తుంది, అప్పుడు అది 9 అవుతుంది. పారాటైఫి ఎ దగ్గర కూడా అదే జీన్ ఉంది, కానీ దాని మొదట్లోనే ఒక చిన్న మార్పు వచ్చి చదవడం తప్పిపోయి జీన్ పనికిరాకుండా పోయింది, అందుకని పారాటోజ్ పారాటోజ్‌గానే ఉండిపోతుంది, అది 2. ఒక్క జీన్ చెడిపోతే ల్యాబ్ పుస్తకాల్లో గ్రూపే మారిపోయింది, డి గ్రూప్ కాస్తా ఎ గ్రూప్ అయిపోయింది. ఇప్పుడు పారాటైఫి ఎ కి టీకా చేద్దామనుకునేవాళ్ళు పట్టుకున్నది సరిగ్గా ఈ 2 నే, వీఐ లేదు కాబట్టి ఈ గొలుసుని తీసి ప్రొటీన్‌కి అతికించి, పక్కనే టైఫి వీఐ కూడా పెట్టి రెండిటికీ కలిపి ఒకే టీకా చేస్తున్నారు. పూణె సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళది ఒకటి పెద్దవాళ్ళ మీద మొదటి దశ ట్రయల్ దాటింది. పిల్లల దాకా రావాలంటే ఇంకా మెట్లు ఉన్నాయి, దాని కోసం ఆగి ఉన్న టీకా వేయించకుండా కూర్చోవద్దు.

మీ తోడికోడలు గారి మాటకొద్దాం. ఆవిడ అన్నది సగం రైటే, కానీ బ్యాక్టీరియా అన్నీ ఒకే రకంగా మారవు, అందులోనూ టైఫి చాలా నెమ్మది మనిషి. కరోనా వైరస్ మొత్తం కలిపి 30 వేల అక్షరాలే, అయినా ఆ రోజుల్లో నెలకి 2 మార్పులు చొప్పున పోగేసుకునేది. టైఫికి 48 లక్షల అక్షరాలు ఉంటాయి, 2001లో మొదటిసారి మొత్తం చదివారు, అంత పెద్ద పుస్తకంలో ఏడాదికి సగటున ఒక్క అక్షరం కూడా మారదు. మారినా వీఐ పూత మాత్రం ఎక్కడి టైఫిలోనైనా దాదాపు అదే. కాబట్టి ఏటేటా కొత్త టీకా కావాలేమో అన్న భయం టైఫాయిడ్ విషయంలో అక్కర్లేదు.

అయితే బ్యాక్టీరియాకి వైరస్‌ల కంటే వేరే దారి ఒకటుంది, అదే అసలు తలనొప్పి. అక్షరం అక్షరం మార్చుకుంటూ కూర్చోకుండా పక్క బ్యాక్టీరియా దగ్గర నుంచి ప్లాస్మిడ్ అనే డీఎన్ఏ ముక్కని మొత్తంగా తీసేసుకుంటుంది. దీనికి మంచి ఉదాహరణ హైదరాబాద్‌లో జరిగింది, మన హైదరాబాద్ కాదు, పాకిస్తాన్ సింధ్‌లో ఉన్న హైదరాబాద్. 2016 చివర్లో అక్కడ టైఫాయిడ్ మొదలైంది, పిల్లలకి పాత మందులు పనిచెయ్యలేదు, సిప్రోఫ్లాక్సాసిన్ పనిచెయ్యలేదు, ఆఖరికి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ కూడా పనిచెయ్యలేదు. డీఎన్ఏ చదివి చూస్తే ఏముంది, అప్పటికే దక్షిణాసియా అంతా పాకి ఉన్న హెచ్58 అనే టైఫి వంశమే, దానికి ఒక ప్లాస్మిడ్ కొత్తగా తగులుకుంది, ఆ ప్లాస్మిడ్ మీద సెఫ్ట్రియాక్సోన్‌ని చిత్తు చేసే జీన్ ఉంది, అలాంటి ప్లాస్మిడ్ పేగుల్లో ఉండే ఈ-కోలై లాంటి వాటిల్లో మామూలుగా తిరిగేదే. నోటి మాత్రల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది, లేదంటే ఖరీదైన ఐసీయూ ఇంజెక్షన్లు.

కానీ చూడండి, మందులన్నీ ఓడిపోయిన ఆ టైఫికి వీఐ పూత చెక్కుచెదరలేదు. మార్పు వచ్చింది మందుల జీన్స్‌లో, టీకా చూసేది ఇంకో చోట. అందుకే 2018లో ఆ ఊళ్ళో పిల్లలకి టైప్‌బార్ టీసీవీ, అంటే మన హైదరాబాద్ టీకానే, వేస్తే ఆ మొండి టైఫి మీద 90 శాతం పైనే పనిచేసింది. 2019 నవంబర్‌లో పాకిస్తాన్ దాన్ని జాతీయ టీకాల కార్యక్రమంలోకి తీసుకుంది. రెండు దేశాల మధ్య ఎన్ని గొడవలున్నా ఒక హైదరాబాద్ టీకా ఇంకో హైదరాబాద్ పిల్లల్ని కాపాడింది, దీని గురించి మన పేపర్లలో రావాల్సినంత రాలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కాబట్టి "బ్యాక్టీరియా మారింది కాబట్టి టీకా పనిచెయ్యదు" అని ఎవరైనా అంటే వెంటనే అడగాల్సింది, ఏ జీన్ మారింది, టీకా దేన్ని చూస్తోంది అని. అవి రెండూ ఒకటి కాకపోతే ఆ మాటకి అర్థం లేదు.

రెండూ ఒకటయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి, లేవని నేను అనను. న్యుమోనియా, మెదడు వాపు తెచ్చే న్యుమోకాకస్ సంగతి తీసుకోండి, దాని చక్కెర పూతలు 100 రకాలకి పైనే ఉన్నాయి, టీకాలో పెట్టేది 10, 13, 14 ఇలా. అమెరికాలో 2000లో 7 రకాల టీకా మొదలెడితే ఆ 7 రకాలూ బాగా పడిపోయాయి, కొన్నేళ్ళకి టీకాలో లేని 19ఎ రకం పైకి లేచింది, 2010లో 13 రకాల టీకాలో దాన్ని కూడా కలపాల్సొచ్చింది. అయినా మొత్తం మీద జబ్బు బాగానే తగ్గిందనుకోండి. టైఫిలో కూడా పూత పోగొట్టుకున్న రకాలు అక్కడక్కడా దొరికాయి, పాకిస్తాన్ ఫైసలాబాద్‌లో రోగుల రక్తంలోనే కనపడ్డాయి. పూత లేని టైఫి కాస్త నీరసమైనదే, జబ్బు తెచ్చే సత్తా తక్కువ, అవి పెద్దగా వ్యాపించిన దాఖలాలు కూడా లేవు. అయినా ఇన్ని దేశాల్లో టీకా వేస్తున్నప్పుడు ఆ రకాలు పెరుగుతున్నాయా అని కన్నేసి ఉంచాల్సిందే, దానికి కూడా కల్చర్లు కావాలి, వైడల్‌తో ఆ పని జరగదు.

అన్నట్టు ఈ జీన్ల గొడవ టీకాలకంటే టెస్టులకే ఎక్కువ దెబ్బ కొడుతుంది, ఎందుకంటే టీకా చెడితే జబ్బు వచ్చి తెలుస్తుంది, టెస్ట్ చెడితే జబ్బు లేదని రిపోర్ట్ వస్తుంది, ఎవరికీ అనుమానం కూడా రాదు. 2006లో స్వీడన్‌లో ఇదే జరిగింది. క్లమీడియా అనే సుఖవ్యాధి కేసులు ఒక జిల్లాలో ఉన్నట్టుండి తగ్గాయి. ఏంటా అని చూస్తే ఆ బ్యాక్టీరియా ప్లాస్మిడ్‌లో 377 అక్షరాలు ఊడిపోయాయి, అక్కడ వాడుతున్న పీసీఆర్ టెస్టులు (బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్కని వెతికేవి) వెతికేది సరిగ్గా ఆ చోటే. టెస్ట్ నెగటివ్, మందులు లేవు, జనం హాయిగా పంచుకున్నారు. ఆఫ్రికాలో ఎస్వాటినీ అనే చిన్న దేశంలో ఇంకా ఘోరం, టీబీకి జీన్ఎక్స్‌పర్ట్ మెషిన్ రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందా లేదా అని ఒక జీన్‌లో కొద్ది భాగం మాత్రమే చూస్తుంది, 2009-10 సర్వేలో అక్కడి మొండి టీబీలో దాదాపు 30 శాతం రకాలకి మార్పు ఆ భాగం బయట ఉందని తేలింది. మెషిన్ ఏమో మందు పనిచేస్తుంది అంటుంది, మనిషికి తగ్గదు. అంత దూరం కూడా వద్దు, మన దక్షిణ భారతంలో టీబీ బ్యాక్టీరియాదీ ఒక తిరకాసు ఉంది. ప్రపంచమంతా టీబీ పీసీఆర్‌కి వాడే ఐఎస్6110 అనే డీఎన్ఏ గుర్తు మామూలుగా చాలా కాపీలు ఉంటుంది, మన వైపు రకాల్లో చాలావాటికి ఒక్కటే ఉంటుంది, కొన్నిటికి అసలు ఉండదు. ఆ ఒక్క గుర్తు మీదే ఆధారపడ్డ టెస్ట్ ఐతే మనవాళ్ళలో కొందరికి టీబీ లేదని చెప్పేస్తుంది. అందుకే ఇప్పటి మంచి కిట్లలో ఒకటికి రెండు గుర్తులు పెడుతున్నారు. టైఫాయిడ్‌కి పీసీఆర్ చేస్తామని ఏదైనా ల్యాబ్ వాళ్ళు ప్యాకేజీ అమ్మితే మీరూ అడగండి, వీఐ జీన్ ఒక్కటే చూస్తారా ఇంకోటి కూడా చూస్తారా, పారాటైఫి ఎ కి వేరే ఉందా అని. వీఐ ఒక్కటే చూస్తే మీ బాబుకి నెగటివ్ వచ్చేది.

ఇంక పాప సంగతి. వేయించండి, ఇందులో నాకు ఏ తటపటాయింపూ లేదు. మన దేశంలో పారాటైఫి ఎ కంటే టైఫి కేసులే ఎక్కువ, నేపాల్, మలావీ, బంగ్లాదేశ్‌లలో పిల్లల మీద చేసిన పెద్ద ట్రయల్స్‌లో ఈ కాంజుగేట్ టీకా టైఫాయిడ్‌ని 80 శాతం అటూఇటూ ఆపింది. నూటికి నూరు కాదు, కానీ ఒక్క సూదికి ఇది చాలా మంచి బేరం. కాంజుగేట్ టీకాని 6 నెలలు నిండిన దగ్గర నుంచి వేయొచ్చు, మీ పాపకి 14 నెలలు కాబట్టి వయసు ఇబ్బంది లేదు. పాత రకం ఉత్త వీఐ టీకా మాత్రం రెండేళ్ళ లోపు పిల్లలకి వేయరు, ఉత్త చక్కెరకి చంటిపిల్లల ఒళ్ళు సరిగ్గా స్పందించదు, ప్రొటీన్‌కి అతికిస్తేనే గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి వేయించేటప్పుడు సీసా మీద కాంజుగేట్ అని ఉందో లేదో చూసుకోండి, పేరు, బ్యాచ్ నంబర్ టీకాల కార్డులో రాయించుకోండి, మీ ఆయనకి మళ్ళీ డూప్లికేట్ అనుమానం వస్తే చూపించడానికి పనికొస్తుంది.

టీకా వేసింది కదా అని పానీపూరీకి లైసెన్స్ దొరికినట్టు కాదు. పారాటైఫి ఎ కి ప్రస్తుతం మన చేతిలో ఉన్నది నీళ్ళు, చేతులు, తిండి శుభ్రం, ఇంతే. ఇండోనేషియా రాజధాని జకార్తాలో దీని మీద ఒక స్టడీ చేశారు, టైఫాయిడ్ ఎక్కువగా ఇంట్లోవాళ్ళ నుంచి ఇంట్లోవాళ్ళకి వస్తుంటే పారాటైఫాయిడ్‌కి బయట బండ్ల మీద తిండితో ఎక్కువ సంబంధం కనపడింది. మీ వాడు బడి దగ్గర ఏం కొనుక్కుంటున్నాడో ఒకసారి కనుక్కోండి, తిట్టకుండా అడిగితే చెప్తాడు.

మామగారికి నా నమస్కారాలు చెప్పి, మళ్ళీ వైడల్ మాత్రం చేయించొద్దని చెప్పండి. జబ్బు పోయినా యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి, ఇప్పుడు చేస్తే తప్పకుండా ఏదో ఒక టైటర్ వస్తుంది, అది చూసి ఇంట్లో అందరూ కంగారుపడతారు, ఎవరో ఒకరు ఇంకో కోర్సు యాంటీబయాటిక్ రాసేస్తారు. ఆకలి వేస్తోందా, ఆడుకుంటున్నాడా, జ్వరం లేదా, అంతవరకు చాలు.

ఒకవేళ ఈ రెండు మూడు వారాల్లో మళ్ళీ జ్వరం వస్తే మాత్రం ఊరుకోవద్దు, కొందరికి తిరగబెడుతుంది. అప్పుడు మందుల షాపుకి వెళ్ళి పోయినసారి మాత్రలే తెచ్చి వేయకండి. ఇంట్లో ఏ యాంటీబయాటిక్ వేయకముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ బ్లడ్ కల్చర్ అడగండి, ఒక్క మాత్ర పడినా కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. మందు పడకపోయినా కల్చర్ నూటికి 60 మందిలోనే పట్టుకుంటుంది, ఎందుకంటే ఈ జ్వరంలో ఒక మిల్లీలీటర్ రక్తంలో ఒక్క బ్యాక్టీరియా కూడా ఉండకపోవచ్చు, కాబట్టి నర్సు పిల్లాడి వయసుకి తగినంత రక్తం తీస్తుంటే ఎందుకంత అని ఆపకండి. నెగటివ్ వచ్చినంత మాత్రాన లేదని కూడా కాదు, డాక్టర్ గారు బాబుని చూసి నిర్ణయిస్తారు.

మొదటి కల్చర్ రిపోర్ట్ రెండో పేజీలో ఏ మందుకి ఎస్, ఏ మందుకి ఆర్ అని ఒక పట్టిక ఉంటుంది చూడండి, ఎస్ అంటే పనిచేస్తుంది, ఆర్ అంటే చెయ్యదు. సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ఆర్ ఉండే అవకాశం చాలా ఎక్కువ, మన వైపు టైఫిలోనూ పారాటైఫి ఎ లోనూ ఆ మందు పట్టుకునే జీన్‌లో మార్పు ఎప్పుడో పాతుకుపోయింది. అయినా మందుల షాపుల్లో జ్వరం అనగానే ఓఫ్లాక్సాసిన్ చేతిలో పెడుతుంటారు, అది కూడా సిప్రో జాతి మందే. ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, ఊరెళ్ళినప్పుడు వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సొస్తే ముందు అదే చూపించండి.